ఎర్రదుమ్ము అంటిన జానెడు ఇంజను

గుంతకల్లు నుంచి బళ్లారికి పట్టాల మీద యాభై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. ఆ దూరాన్ని 87తో భాగించి చూడండి. 575 మీటర్లు వస్తుంది. మూడు ఫర్లాంగులకు తక్కువే. జంక్షన్ ప్లాట్‌ఫారాలు, నల్లరేగడి చేలు, రెండు రాష్ట్రాల సరిహద్దు, హగరి ఏటి మీది వంతెన, దూరాన బళ్లారి గుట్ట, అన్నీ ఊళ్లో ఒక పెద్ద వీధిలో ఇమిడిపోతాయి. ఆ వీధిలో నడవాల్సిన డీజిల్ ఇంజను పొడవు జానెడు.

రైలు నమూనాల మీద మక్కువ ఉన్నవాళ్లు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కొలత ఈ 87. దానికి హెచ్‌ఓ స్కేలు అని పేరు. పూర్వం ‘ఓ’ అని ఒక పెద్ద కొలత ఉండేది, అందులో సగం గనుక ‘హాఫ్ ఓ’. అసలు ఇంజను మీద 87 మిల్లీమీటర్లున్నది నమూనా మీద ఒక్క మిల్లీమీటరు. మన పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను పొడవు 17 మీటర్ల పైచిలుకు. హెచ్‌ఓలో అది ఇరవై సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మీటరు దాటిన దాని చక్రం చిటికెనవేలి గోరంత అవుతుంది. డ్రైవరు ఎక్కే మెట్లు, పట్టుకునే కమ్మీ, బ్రేకు గొట్టాలు, రేడియేటరు జల్లెడ, పక్కన రాసిన నంబరు, ఆ నంబరు కింద షెడ్డు పేరు, ఇవన్నీ ఆ కొలతలోనే ఉండాలి. లేకపోతే అది బొమ్మ. ఉంటే నమూనా. బొమ్మను తక్కువ చేయడం లేదు. బొమ్మ పసివాడి ఊహకు పనికొస్తుంది, నమూనా మాత్రం అసలు వస్తువుకు జవాబు చెప్పుకోవాలి.

అమెరికా, జర్మనీ, జపాన్, బ్రిటన్ దేశాల కంపెనీలు ఏటా కొత్త డీజిల్ నమూనాలు తెస్తూనే ఉన్నాయి. ఒకే ఇంజను, ఒకే కంపెనీ రంగులు, కానీ ఫలానా ఏడాదికి ముందు కొమ్ము ఇక్కడ ఉండేది, తరువాత అక్కడికి మార్చారు అని రెండు రకాలుగా అచ్చు పోస్తారు. లోపల బరువు కోసం పోత లోహపు చట్రం, మధ్యలో మోటారు, దానికి రెండు పక్కలా బరువు చక్రాలు. కరెంటు ఒక్క క్షణం తెగినా ఇంజను ఠక్కున ఆగకుండా ఆ చక్రాల వేగం ముందుకు తోస్తుంది. మోటారు నుంచి రెండు వైపులా ఇరుసులు వెళ్లి చక్రాల చట్రాల్లోని చక్రాలను తిప్పుతాయి. ఈ చక్రాల చట్రాన్నే షెడ్డులో బోగీ అంటారు. మనం రైలుపెట్టెను బోగీ అని పిలుచుకుంటాం గానీ, షెడ్డు మనుషుల దగ్గర ఆ మాట అంటే వాళ్లు పెట్టె కిందికి వంగి చూస్తారు.

ఇప్పుడొచ్చే నమూనాల్లో గోరంత చిప్పు ఒకటి, చిన్న స్పీకరు ఒకటి ఉంటాయి. పట్టాల గుండా కరెంటుతో పాటు ఆజ్ఞలూ వెళతాయి. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను రెండు వేగాలతో, ఎదురెదురుగా కూడా నడపవచ్చు. స్పీకరులోంచి వచ్చేది ఎవరో కల్పించిన చప్పుడు కాదు. అసలు ఇంజను పక్కన మైకు పెట్టి, ఒక్కో నాచ్‌కు, అంటే డ్రైవరు శక్తి పెంచే ఒక్కో మెట్టుకు, ఒక్కోసారి పట్టిన ధ్వని. అలాంటి నమూనా ఒకటి కొనాలంటే మన రూపాయల్లో ఇరవై, ముప్పై వేలు. అంత ఖరీదు పెట్టేవాళ్లను చూసి పిచ్చి అనుకునేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఒక వస్తువు చివరి మర దాకా ఎలా ఉందో తెలుసుకోవాలన్న పట్టుదలకు పెట్టిన ఖర్చు అది.

డీజిల్ నమూనాలో ఒక న్యాయం కూడా ఉంది. ఆవిరి ఇంజను నమూనాలో నిప్పు ఉండదు, నీరు ఉండదు, ఆవిరి ఉండదు. కరెంటు మోటారు చాటుగా చక్రాలను తిప్పుతుంటే పిస్టను కడ్డీలు ఊరకే అటూ ఇటూ ఊగుతాయి. డీజిల్ సంగతి వేరు. అసలు డీజిల్ ఇంజనులో కూడా నూనె నేరుగా చక్రాన్ని తిప్పదు. పదహారు సిలిండర్ల యంత్రం జనరేటరును తిప్పుతుంది, జనరేటరు పుట్టించిన కరెంటు కింద ఆరు ఇరుసుల మీదున్న ఆరు మోటార్లకు వెళుతుంది, చక్రాలను తిప్పేవి ఆ మోటార్లే. కదులుతున్న కరెంటు కార్ఖానా అన్నమాట. అందువల్ల జానెడు డీజిల్ నమూనా కరెంటుతో నడిచినప్పుడు అసలు దానికి మరీ అంత దూరం పోలేదనిపిస్తుంది.

ఆ పదహారు సిలిండర్ల యంత్రం మన దగ్గరికి అమెరికా నుంచి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ ఉండేది, క్లుప్తంగా ఆల్కో. వాళ్లు ఎగుమతి కోసం రూపొందించిన 2,600 అశ్వశక్తి డీజిల్ 1962లో ఇక్కడ దిగింది. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ కార్ఖానాలో మనవాళ్లే తయారుచేశారు. పేరు డబ్ల్యూడీఎం-2. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, డీ అంటే డీజిల్, ఎమ్ అంటే ప్రయాణికుల బండికీ గూడ్సుకీ రెండింటికీ పనికొచ్చేది, 2 అంటే రెండో తరం. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ ఆపేసింది. పుట్టిల్లు మూతపడ్డాక కూడా వారణాసిలో ఈ ఇంజను మరో మూడు దశాబ్దాలు పుడుతూనే ఉంది. మొత్తం రెండున్నర వేలకు పైగా తయారయ్యాయి. దాని వారసులుగా 3,100 అశ్వశక్తి ఇంజన్లు వచ్చాయి. శ్రీలంకకు, బంగ్లాదేశ్‌కు ఆ వంశం వెళ్లింది. కన్నవాళ్లు వదిలేసిన డిజైనును ఇంతకాలం సాకి, పెంచి, బలం చేకూర్చి మళ్లీ ఎగుమతి చేయడం చిన్న సంగతి కాదు. దాని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా ఉండాల్సింది.

ఈ సరిహద్దు సీమకు ఆల్కో అంటే గుత్తి, గుంతకల్లు. గుత్తి డీజిల్ షెడ్డు 1960ల నాటిది. కోట చూడటానికి గుత్తికి వచ్చేవాళ్లకు షెడ్డు ఉందని తెలియకపోవచ్చు. దేశం నలుమూలలా రైలు నడిపినవాళ్లకు మాత్రం కోట కంటే షెడ్డే తెలుసు. ఇంజను పక్కన ‘జీవై’ అని ఉంటే గుత్తి, ‘జీటీఎల్’ అని ఉంటే గుంతకల్లు. ప్రతి షెడ్డూ తన ఇంజన్లకు తనదైన రంగు వేసుకునేది. ఒకే కార్ఖానాలో పుట్టిన రెండు ఇంజన్లు రెండు షెడ్లలో పెరిగి వేరువేరు ముఖాలు తెచ్చుకునేవి.

ముఖం కంటే ముందు గొంతు. చిన్నప్పుడు గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద మా తాత పక్కన కూర్చుని బళ్లారి బండి కోసం ఎదురుచూసిన రోజులున్నాయి. బండి మలుపు తిరగక ముందే ఆయన తల వంచి వినేవాడు. “ఇది మన గుత్తిది కాదప్పా, దీని గొంతే వేరే” అనేవాడు. అది నిజంగా కనిపెట్టేవాడో, నన్ను ఆశ్చర్యపరచడానికి అనేవాడో ఈనాటికీ నాకు తెలియదు. కానీ ఆ మాట వల్ల ఇంజనుకు గొంతు ఉంటుందని నేర్చుకున్నాను. ఆల్కోది నాలుగు స్ట్రోకుల యంత్రం. నిలబడి ఉన్నప్పుడు నీళ్లు మరుగుతున్న పెద్ద అండాలా గుడగుడమంటుంది, ఆ గుడగుడలో లయ తప్పుతున్నట్టు ఒక చిన్న తడబాటు. డ్రైవరు నాచ్ పెంచగానే నల్లటి పొగ కుమ్మరిస్తుంది. దానికి కారణం ఉంది. ఆజ్ఞ అందగానే నూనె ఎక్కువగా లోపలికి పోతుంది, దాన్ని మండించడానికి కావలసినంత గాలిని తోసే టర్బో మాత్రం వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది. ఆ క్షణాల్లో సగం కాలిన నూనె నల్లగా బయటికొస్తుంది. టర్బో అందుకోగానే పొగ పలచబడి ఈల మొదలవుతుంది. 1999 నుంచి వచ్చిన డబ్ల్యూడీజీ-4 ఇంజన్లు జనరల్ మోటార్స్ వారి రెండు స్ట్రోకుల యంత్రాలు, 4,000 అశ్వశక్తి. వాటి గొంతు సన్నగా, ఒకే తీగ మీటినట్టు సాగుతుంది. హుబ్బళ్లి షెడ్డు వాటికి తొలి ఇల్లు. బళ్లారి స్టేషనులో ఒక వైపు గుత్తి ఆల్కో, మరో వైపు హుబ్బళ్లి ఇంజను నిలబడితే, కళ్లు మూసుకున్నా ఏది ఎటుదో తెలిసిపోయేది.

ఈ గొంతులు ఇక ఎంతోకాలం వినపడవు. బ్రాడ్ గేజి దారుల మీద కరెంటు తీగలు వేయడం దాదాపు పూర్తయింది. గుంతకల్లు, బళ్లారి, హొసపేటె దారి మీద కూడా తీగలు వచ్చేశాయి. వారణాసి కార్ఖానా 2020లో పేరు మార్చుకుని బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది. ఇప్పుడక్కడ పుట్టేవి ప్రధానంగా కరెంటు ఇంజన్లే. దేశంలో చాలా డీజిల్ షెడ్లకు కరెంటు ఇంజన్లు చేరాయి. ఇది మంచిదే. పొగ తగ్గుతుంది, నూనె దిగుమతి తగ్గుతుంది, ఎవరూ వద్దనరు. కానీ ఒక యంత్రం అరవై ఏళ్లు ఒక ప్రాంతపు గూడ్సును, జనాన్ని, పెళ్లిబృందాలను, చదువుకోబోయే పిల్లలను లాగి, తరువాత తుక్కు వేలానికి పోతున్నప్పుడు దాని కొలతలు ఎవరైనా రాసిపెట్టుకున్నారా అని అడగాలి కదా. నమూనాల మీద నాకున్న ఆదరం ఈ ప్రశ్న నుంచే పుట్టింది.

చిన్నది చేయాలంటే పెద్దదాన్ని పూర్తిగా తెలుసుకోవాలి. ఫొటో తీసేవాడికి ఇంజను వెనకవైపు ఎలా ఉందో అక్కర్లేదు. కథ రాసేవాడు రెండు వాక్యాల్లో దాటిపోవచ్చు. నమూనా చేసేవాడికి ఆ సౌకర్యం లేదు. కప్పు మీద ఎన్ని మూతలున్నాయి, ఇసుక పెట్టె ఎక్కడ, కిటికీ అంచు గుండ్రమా నలుపలకా, అన్నిటికీ జవాబు కావాలి. జవాబు లేకపోతే షెడ్డుకు వెళ్లాలి, పెద్దవాళ్లను అడగాలి, టేపు పట్టుకుని కొలవాలి.

మన బ్రాడ్ గేజి దగ్గరకు వచ్చేసరికి ఆ పని ఇంకా కష్టమవుతుంది. లోకంలో అమ్మే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల 1,435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన గేజి 1,676. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే బజారులో దొరికే పట్టా మీద మన ఇంజను పెడితే, వెడల్పాటి ఒళ్లున్న మనిషి కాళ్లు దగ్గరపెట్టి నిలబడినట్టుంటుంది. దగ్గర దగ్గర మూడు మిల్లీమీటర్ల తేడా. ఆ తేడా మామూలు కంటికి ఆనదు, రైలు చూసి పెరిగిన కంటికి ఇట్టే ఆనుతుంది. పట్టాను అలాగే ఉంచి కొలతనే మార్చి, నూట ఒకటిన్నర వంతుకు ఇంజనును తగ్గిస్తే గేజి కచ్చితంగా కుదురుతుంది. అప్పుడు బజారులో దొరికే పెట్టెలు, మనుషుల బొమ్మలు, ఇళ్లు ఏవీ దాని పక్కన నప్పవు. బ్రిటన్‌వాళ్లకూ ఇలాంటి చిక్కే వచ్చింది. వాళ్ల ఇంజన్లు చిన్నవి, ఆ కాలపు మోటార్లు అందులో పట్టలేదు. అందుకని పట్టాను హెచ్‌ఓలోనే ఉంచి ఇంజనును మాత్రం 76వ వంతుకు పెద్దది చేసుకున్నారు. ఆ రాజీతోనే తరాలు గడిపారు. మన దేశంలో ఈ ఇష్టం ఉన్న యువకులు సన్‌బోర్డు కోసి, ఇప్పుడైతే త్రీడీ ప్రింటర్ మీద ఒంటిని అచ్చుతీసి, విదేశీ ఇంజను చట్రం మీద కూర్చోబెట్టుకుంటున్నారు. పైది వారణాసి, కిందిది ఇంకెక్కడిదో. ఆ పాట్లను గౌరవంతో చూడాలి.

స్థలం కూడా చిన్న సమస్య కాదు. బళ్లారి సీమలో గూడ్సు అంటే 58 పెట్టెల ఖనిజం బండి. ఒక్కో పెట్టె పదిన్నర మీటర్లకు పైన. రెండు ఇంజన్లతో కలిపి చూస్తే బండి పొడవు 650 మీటర్లు దాటుతుంది. హెచ్‌ఓలోకి తగ్గించినా ఏడున్నర మీటర్లు. మన ఇళ్లలో ఏ గదిలో పడుతుంది? బ్రాడ్ గేజిలో అనుమతించే అతి బిగుతైన మలుపుకు వ్యాసార్ధం 175 మీటర్లు. నమూనాలో అదే రెండు మీటర్లు. ఇంట్లో బల్ల మీద వేసే మలుపు అరమీటరు. కాబట్టి నమూనా చేసేవాడు ప్రతిచోటా ఏది ఉంచాలి, ఏది వదలాలి అని తేల్చుకోవాలి. 58 పెట్టెలకు బదులు పది పెట్టెలు పెట్టి, చూసేవాడికి పొడుగాటి బండి అనిపించేలా చేయాలి. మంచి వ్యాసం రాయడం కూడా ఇలాంటిదేనని నాకు చాలాసార్లు తోచింది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏడాది. ఈ అభిరుచి ఉన్నవాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న అదే: నీది ఏ సంవత్సరం? బళ్లారి స్టేషనును బల్ల మీద కట్టాలనుకుంటే ఆ ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగిపోతాం. మీటరు గేజి కాలం ఒకటి. అప్పుడు పట్టా సన్నం, డీజిల్ అంటే ఆల్కో వంశానికే చెందిన చిన్నది వైడీఎం-4, గుంతకల్లులో దిగి బండి మారే జనం. తరువాత దారి వెడల్పయింది. 2003లో నైరుతి రైల్వే ఏర్పడి హుబ్బళ్లి దానికి కేంద్రమైంది, బళ్లారి హుబ్బళ్లి డివిజన్ కిందికి వస్తుంది. గుంతకల్లు తానే ఒక డివిజన్ కేంద్రం. స్టేషను పేరు పలక దగ్గర కూడా ఏడాది అడ్డం వస్తుంది. 2014 నవంబరు 1న ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు ‘బెల్లారీ’ నుంచి ‘బళ్లారి’గా మారింది. పలక మీద ఒక్క అక్షరం మారితే నమూనా మొత్తం ఇంకో కాలంలోకి వెళ్లిపోతుంది.

ఇంకా వెనక్కి వెళితే 1953. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు పాత బళ్లారి జిల్లా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి తాలూకా ఎవరిదన్న మాట తేల్చడానికి జస్టిస్ మిశ్రాను వేశారు. అది మైసూరుకు వెళ్లింది. బళ్లారి రాఘవ ఊరు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలాడించిన ఊరు సరిహద్దుకు అవతల ఉండిపోయింది. దాని గురించి ఎవరి బాధ వాళ్లకుంది, ఎవరి న్యాయం వాళ్లకుంది. ఇక్కడ తవ్వబోవడం లేదు. రైలు మాత్రం ఆగలేదు. ఇటు తెలుగు పలక, అటు కన్నడ పలక, మధ్యలో అదే ఇంజను. బండిలో కూర్చున్నవాళ్లు ఒకే వాక్యంలో రెండు భాషలూ మాట్లాడుకుంటూ హగరి దాటేవాళ్లు. ఈ దారిని నమూనాగా కట్టేవాడు ఎవరైనా, మనసులో ఏమున్నా, రెండు భాషల పలకలూ రాయక తప్పదు. అక్షరం తప్పు పోకూడదు.

ఇక దుమ్ము. నమూనా కొత్తగా డబ్బాలోంచి తీసినప్పుడు తళతళలాడుతుంది. లోకంలో ఏ ఇంజనూ అలా ఉండదు. అందుకని దానికి మట్టి, తుప్పు, నూనె మరకలు అద్దుతారు. పలుచని రంగులు, రంగు పొడులు, ఒక సన్నని కుంచె. అమెరికాలో జాన్ అలెన్ అనే ఆయన తన ఇంట్లో కట్టిన కొండల రైలు మార్గంతో ఈ పనిని కళ స్థాయికి తెచ్చాడు. 1973లో ఆయన పోయిన కొద్దిరోజులకే ఆ నిర్మాణం మంటల్లో కాలిపోయింది. ఫొటోలు మిగిలాయి. వాటిని చూసి నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అమెరికా నమూనాకు అద్దే మట్టి బూడిదరంగు, గోధుమరంగు. బళ్లారి ఇంజనుకు అది పనికిరాదు. సండూరు కొండల నుంచి, దోణిమలై నుంచి, తోరణగల్లు చుట్టుపక్కల నుంచి ఇనుప ఖనిజం మోసిన బండి ఎరుపు. అది కుంకుమ ఎరుపు కాదు, ఇటుక ఎరుపు కాదు. నలుపు కలిసిన ముదురు ఎరుపు, తడిస్తే ఎండు నెత్తురులా కనిపించేది. పెట్టెల అంచుల మీద దట్టంగా, చక్రాల దగ్గర నూనెతో కలిసి జిగటగా, ఇంజను పక్కన వాన కారిన చోట చారలుగా ఉంటుంది. మార్ముగోవా రేవు నుంచి బొగ్గు తెచ్చే బండికి అదే ఎరుపు మీద నల్లపొడి. ఆ దారిలో క్యాజిల్ రాక్ దగ్గర ఘాటు 37 అడుగులకు ఒక అడుగు ఎక్కుతుంది. వెనక నుంచి కూడా ఇంజన్లు తోస్తే గానీ బరువు బండి ఎక్కదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి గనుల తవ్వకాన్ని ఆపించింది. దానికి ముందు కొన్నేళ్లు ఈ ప్రాంతంలో చెట్ల ఆకులు, పత్తిచేలు, గుడి గోపురాలు కూడా ఆ రంగులోనే కనిపించేవి. కాబట్టి 2008 నాటి నమూనా అంటే దుమ్ము దట్టంగా వేయాలి. ఆ ఎరుపు ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయిందో, ఎవరి చేనును పాడుచేసిందో తెలిసి వేయాలి. కుంచె చివర ఆ చరిత్ర కూడా ఉంటుంది.

పెద్దదాన్ని చిన్నది చేసి చూసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. హంపి విఠలాలయం ముందు రాతి రథం ఉంది. అది నిజానికి గరుడుడి గుడి, కొయ్య రథం రూపంలో కట్టింది. చక్రాలు, ఇరుసులు, చీలలు అన్నీ రాతిలో తీర్చారు. కొయ్య రథాన్ని ఎన్నోసార్లు దగ్గర నుంచి చూసి, కొలిచి ఉంటే తప్ప ఆ శిల్పి చేయి అలా నడవదు. యాభై రూపాయల నోటు మీద దాన్ని రోజూ చూస్తున్నాం. దసరాకు, సంక్రాంతికి మన ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు. పైమెట్ల మీద దేవుళ్లు, కింద ఊరు: చెరువు, సంత, పెళ్లి, పార్కు. పిల్లలున్న ఇంట్లో ఆ ఊరి చుట్టూ గుండ్రంగా ఒక కీ రైలు తిరుగుతుంది. మెట్ల మీద బొమ్మలన్నీ కదలకుండా ఉంటే పిల్లల కళ్లు మాత్రం రైలు వెంటే పోతాయి.

చేతులూ మనకున్నాయి. ఇటు విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులద్దుతారు. అటు కర్ణాటకలో చెన్నపట్నం బొమ్మలు. ఆశ్చర్యమేమంటే రెండు చోట్లా వాడేది ఒకే జాతి చెట్టు, రెండు భాషల్లో రెండు పేర్లు. కొప్పళ దగ్గర కిన్నాళ బొమ్మలు బళ్లారికి ఇంకా దగ్గర. ఆ చేతులకు డబ్ల్యూడీఎం-2 కొలతల కాగితం ఒకటి అందిస్తే ఏం చేస్తాయో చూడాలని ఉంది. కచ్చితమైన హెచ్‌ఓ నమూనా కాకపోవచ్చు. గుత్తి రంగు వేసిన కొయ్య ఇంజను ఒకటి, జీవై అక్షరాలతో, గుత్తి పిల్లవాడి చేతిలోకి రావచ్చు. విదేశాల్లో పిల్లవాడు తన ఊరి మీదుగా వెళ్లే ఇంజనును అదే రంగుల్లో, అదే నంబరుతో దుకాణంలో చూస్తాడు. మన పిల్లవాడికి ఆ సంతోషం ఎందుకు ఉండకూడదు?

పుణేలో భావుసాహెబ్ జోషి జీవితమంతా కూడబెట్టిన చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998 నుంచి నడుస్తోంది. హాంబుర్గ్‌లో 2001లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన చిన్నలోకంలో వెయ్యికి పైగా బండ్లు తిరుగుతున్నాయి. అంత పెద్ద కల అక్కర్లేదు. మైసూరులో 1979 నుంచి, హుబ్బళ్లిలో 2020 నుంచి రైలు మ్యూజియంలున్నాయి. అసలు ఇంజన్లను నిలబెట్టారు, మంచిపని. గుంతకల్లులోనో బళ్లారిలోనో ఒక పెద్ద గది, అందులో ఈ యాభై కిలోమీటర్ల దారి, రెండు భాషల పలకలతో, ఒక ఏడాది తేల్చుకుని కడితే చాలు. ఇంజనీరింగు కాలేజీ పిల్లలు కొలతలు తీయవచ్చు, బడిపిల్లలు చెట్లు అతికించవచ్చు. తుక్కుకు పోయే ఇంజను పక్కన ఒక రోజు మైకు పెట్టి, ఒకటో నాచ్ నుంచి ఎనిమిదో నాచ్ దాకా గొంతు పట్టి ఉంచవచ్చు. దీనికి ఖర్చు కంటే తొందర ఎక్కువ కావాలి. ఇంజన్లు ఎలాగూ వెళ్లిపోతాయి. వాటి కింద పడుకుని మరలు బిగించినవాళ్లు కూడా రిటైరై, వయసు మీదపడి, ఇళ్లలో కూర్చుని ఉన్నారు.

వాళ్ల దగ్గరకే ముందు వెళ్లాలి. డ్రాయింగులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఫొటోలూ దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి. ఆల్కో కప్పు మీద పొగగొట్టం చుట్టూ మసి పేరుకుంటుంది, పక్కల నుంచి ఖనిజం దుమ్ము పైకి ఎగసి అంటుకుంటుంది. నూనె చెమర్చిన ఆ రేకు మీద నలుపూ ఎరుపూ కలిసే చోట ఒక రంగు పుడుతుంది. ఏ కంపెనీ సీసాలోనూ అది దొరకదు. అరచేత్తో తుడిచి చూసినవాళ్లకు దాని పేరు తెలుసు. గుంతకల్లు రైల్వే కాలనీలో సాయంత్రం పూట అరుగు మీద కూర్చునేవాళ్లలో వాళ్లు ఇంకా ఉన్నారు.